తప్పు చేయడానికి ఒక మడి

పల్లె పిల్లల సేద్యపు చదువులో ఊరి వాటా ఎంత?

ఇంటర్ పరీక్షలు రాసి ఖాళీగా ఉన్న వేసవిలో నాన్న నాకో మడి చూపించాడు. చెరువు తూముకు నాలుగో మడి. ముప్పై సెంట్లు. "దుక్కి దగ్గర్నుంచి కుప్ప దాకా ఈసారి నువ్వే చూడరా. నేను గట్టు దిగను" అన్నాడు. అన్నట్టే దిగలేదు.

ఆ సార్వాలో స్వర్ణ వరి నాటించాను. చుట్టుపక్కల మళ్లన్నిటి కంటే నా మడి పచ్చగా ఉండాలన్నది నా పట్టుదల. వేయాల్సిన యూరియాకు రెట్టింపు వేశాను. నిజంగానే పచ్చబడింది, నలుపు తిరిగిన పచ్చ. గట్టు మీద పోయేవాళ్లు ఆగి చూస్తుంటే ఛాతీ పొంగేది. ఆకుముడత కనబడగానే మందుల కొట్టుకు పరుగెత్తాను. అతనిచ్చిన డబ్బా తెచ్చి కొట్టాను. పదిహేను రోజులకు మళ్లీ కొట్టాను. సరిగ్గా వెన్ను బయటికొచ్చే వేళ, మడి నడుమ పళ్లెమంత మేర ఎండింది. మూడోనాటికి అది చేటంత అయింది. వారానికల్లా అక్కడో సుడి, ఇక్కడో సుడి, నిప్పు పెట్టినట్టు గుండ్రంగా మాడిపోయిన దుబ్బులు. అప్పుడు నాన్న గట్టు దిగాడు. ఒక దుబ్బును రెండు చేతులతో పక్కకు వంచి మొదలు చూపించాడు. నీటికి జానెడు పైన గోధుమరంగు దోమలు కిక్కిరిసి ఉన్నాయి. సుడిదోమ.

"ఇక్కడ చూడాలిరా. నువ్వు పైపైన పచ్చదనమే చూశావు" అన్నాడు. అంతకు మించి ఒక్క మాట అనలేదు.

ఏడెనిమిది బస్తాలు రావలసిన మడిలో రెండున్నర వచ్చాయి. అది మా తిండిగింజల మడి. ఆ ఏడాది అమ్మ చివరి నాలుగు నెలలూ బియ్యం కొన్నది. మరుసటేడు నాన్న నాకు మడి ఇవ్వలేదు. నేనూ అడగలేదు. పట్నంలో డిగ్రీలో చేరాను, తర్వాత ఉద్యోగం. ఊరు వదిలిన కుర్రాళ్లలో నేనూ ఒకణ్ణి.

ఇన్నేళ్లకు తిరిగి ఆలోచిస్తే నాకు అర్థమవుతున్నది ఇది. ఆ ఒక్క పంటలో నేను నేర్చుకున్నంత ఏ తరగతి గదిలోనూ నేర్చుకోలేదు. నన్ను రెండో పంట వేయనిచ్చి ఉంటే రైతునయ్యేవాణ్ణేమో. నాన్న మీద నాకు కోపం లేదు. లెక్క తప్పితే మాస్టారు ఎర్రసిరాతో కొట్టేసి మర్నాడు ఇంకో లెక్క ఇస్తారు. సేద్యంలో ఇంకో లెక్కకు ఏడాది ఆగాలి, తప్పిన లెక్కకు ఇల్లంతా మూల్యం కట్టాలి. 2015-16 వ్యవసాయ గణన ప్రకారం మన దేశంలో ఒక కమతం సగటు 1.08 హెక్టార్లు, అంటే రెండున్నర ఎకరాలకు కాస్త ఎక్కువ. అందులో పెళ్లిళ్లూ వైద్యాలూ ఫీజులూ అన్నీ గట్టెక్కాలి. పిల్లవాడు నేర్చుకోవడం కోసం పంట పోగొట్టుకునే స్తోమత ఏ చిన్న రైతుకూ లేదు. నేర్చుకునేవాడు తప్పు చేయక మానడు. మరి ఆ తప్పు ఖర్చు ఎవరు భరించాలి?

ఊరు భరించాలి. ఈ కథనంలో నేను చెప్పదలచుకున్నది ఇదే.

గోడలు లేచాయి, గట్లు లేవు

చదువుకు గోడలు కట్టడంలో మనం వెనకబడలేదు. బాపట్ల వ్యవసాయ కళాశాల 1945లో వచ్చింది. అంతకు ముందు వ్యవసాయం చదవాలనుకున్న ఆంధ్ర కుర్రాళ్లు కోయంబత్తూరు రైలెక్కేవారు. 1964లో రాజేంద్రనగర్ కేంద్రంగా వ్యవసాయ విశ్వవిద్యాలయం ఏర్పడింది. ఇప్పుడు రెండు రాష్ట్రాల్లోనూ కళాశాలలున్నాయి, పదో తరగతి పాసైన పల్లె పిల్లల కోసం రెండేళ్ల డిప్లొమా నడిపే పాలిటెక్నిక్‌లున్నాయి, కృషి విజ్ఞాన కేంద్రాలున్నాయి. తెలంగాణలో సుమారు అయిదు వేల ఎకరాలకొకటి చొప్పున 2,601 రైతు వేదికలు కట్టారు. ఆంధ్రప్రదేశ్‌లో 2020లో పదివేలకు పైగా రైతు భరోసా కేంద్రాలు తెరిచారు, ఇప్పుడవి రైతు సేవా కేంద్రాలు.

వీటిని నేను చిన్నచూపు చూడను. మట్టి పరీక్ష అంటే తెలియని ఊళ్లకు ఆ పరీక్ష తెచ్చింది అక్కడి నుంచి వచ్చినవాళ్లే. అయితే ఈ చదువు మీద పల్లె ఆశ వేరు. వ్యవసాయ డిప్లొమాలో బిడ్డను చేర్పించే తండ్రిని అడగండి. "ఉద్యోగం వస్తదని" అంటాడు. గ్రామ సచివాలయాల్లో వ్యవసాయ సహాయకుల కొలువులు వచ్చాక ఆ ఆశ మరీ గట్టిపడింది. అందులో తప్పేమీ లేదు, ఆ కొలువులూ ఊరికి అవసరమే. కానీ కొలువు రాని పిల్ల ఇంటికొచ్చి ఏం చేయాలి? పుస్తకంలో చదివింది చేసి చూద్దామంటే చేను నాన్నది, అప్పు నాన్నది, భయం నాన్నది. కౌలుదారు బిడ్డకు ఆ చేను కూడా లేదు. కూలి బిడ్డకు గట్టు మీద నిలబడే హక్కు కూడా కూలి ఉన్న రోజునే.

2003లో జాతీయ నమూనా సర్వే రైతు కుటుంబాలను అడిగితే, వేరే దారి దొరికితే వ్యవసాయం వదిలేస్తామన్నవారు దాదాపు 40 శాతం. ఆ జవాబు విన్న పిల్లలే ఈరోజు పాతిక, ముప్పై ఏళ్లవాళ్లు. ఊరు వీళ్ల చదువు మీద పెట్టిన ప్రతి రూపాయీ, తాకట్టు పెట్టిన ప్రతి పుస్తెలతాడూ వీళ్లను ఊరి నుంచి బయటికి పంపడానికే ఖర్చయింది. ఉండిపోదామనుకున్న ఒక్కడి కోసం పెట్టింది ఎంత అని లెక్కేస్తే చేతికి ఏమీ తగలదు.

ఆకులు కత్తిరించిన పొలం

నా మడిని మింగిన సుడిదోమే ఇండోనేషియాలో ఒక కొత్త రకం బడికి కారణమైంది. అక్కడ 1970లలో, మళ్లీ 1980ల నడుమ, లక్షల ఎకరాల వరి ఈ దోమపోటుకు మాడిపోయింది. మందు కొట్టిన కొద్దీ దోమ పెరిగింది. మందు ముందుగా చంపింది దోమను తినే సాలీళ్లను. 1986లో ఆ ప్రభుత్వం వరి మీద 57 రకాల పురుగుమందులను నిషేధించింది. మందు ఆపితే సరిపోదు, పొలాన్ని చూడటం రైతుకు మళ్లీ అలవాటు కావాలి. అందుకోసం 1989లో మొదలైన ఆ బడే మన దగ్గరికి వచ్చేసరికి 'పొలంబడి' అయింది. తెలుగులో ఇంత చక్కగా కుదిరిన ప్రభుత్వ పేర్లు తక్కువ.

పొలంబడిని దగ్గరగా చూసినవాళ్లకు తెలుసు. పాతిక ముప్పై మంది, పంట కాలమంతా, వారానికోసారి, ఒక పొలం గట్టున. మంచు ఆరక ముందే నలుగురైదుగురు జట్లుగా మడిలో దిగుతారు. కొన్ని దుబ్బులు ఎంచుకుని పిలకలు లెక్కపెడతారు, మొదళ్లు వంచి పురుగులు లెక్కపెడతారు, నీళ్లెన్ని అంగుళాలున్నాయో చూస్తారు. తర్వాత చెట్టు కింద చార్టు కాగితం పరిచి రంగు పెన్సిళ్లతో బొమ్మ గీస్తారు. నడుమ వరి దుబ్బు. ఒక పక్క దాన్ని తినేవి. రెండో పక్క తినేవాటిని తినేవి, అంటే సాలీళ్లు, అక్షింతల పురుగులు, తూనీగలు. పైన ఎండ ఉంటే సూర్యుడు, లేకుంటే మబ్బు. యాభై ఏళ్లు నాగలి పట్టిన చేయి పెన్సిలు పట్టుకుని సాలీడు కాళ్లు ఎనిమిదా ఆరా అని పక్కవాణ్ణి అడగడం చూస్తే ఎవరికైనా గొంతు పట్టేస్తుంది. బొమ్మ పూర్తయ్యాక జట్టులో ఒకరు లేచి చెబుతారు. ఈ వారం మందు కొట్టాలా వద్దా? ఎందుకు? మిగతావాళ్లు నిలదీస్తారు.

ఇందులో నాకు అన్నిటికంటే విలువైనదిగా తోచే పని ఒకటుంది. నాటిన మూడు నాలుగు వారాలకు కొన్ని దుబ్బుల ఆకులను కావాలనే కత్తెరతో కత్తిరిస్తారు. పురుగు తిన్నట్టే. ఒక వరసలో పావు వంతు, ఇంకో వరసలో సగం. కోతల నాడు వేటికవి కోసి తూస్తారు. ఆ వయసులో ఆకు పోయినా పైరు చాలావరకు కోలుకుంటుందని రైతు తన కళ్లతో చూస్తాడు. ఇక ఆకుముడత కనబడగానే మందుల కొట్టుకు పరుగెత్తడు. నేను ఇది చూసిన రోజు చాలాసేపు గట్టు మీదే కూర్చుండిపోయాను.

ఆ కత్తెర ఎవరి పైరు మీద పడిందో గమనించాలి. ఎవరో ఒకరు తమ మడి ఇచ్చారు. నష్టం వస్తే భరిస్తామని ఇంకెవరో హామీ ఇచ్చారు. అందుకే పాతికమంది నేర్చుకున్నారు. పొలంబడి నిధులు పైనుంచి వచ్చినన్నాళ్లూ నడిచింది, ఆగినచోట ఆగింది. ఊరు దాన్ని తనది అనుకున్నచోటే అది నిలబడే వీలుంది.

జొన్నల్లో తీర్చిన అప్పు

అలా తనది అనుకున్న ఊళ్లు జహీరాబాద్ చుట్టూ కనిపిస్తాయి. 1983లో మొదలైన డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ వెంట అక్కడ ఊరూరా దళిత మహిళల సంఘాలు ఏర్పడ్డాయి. చాలామందికి అక్షరాలు రావు. ఉన్న భూమి ఎకరమో రెండెకరాలో, అదీ రాళ్లూ గరుసూ. విడివిడిగా ఏమీ చేయలేమని తెలిసి ఉమ్మడిగా భూములు కౌలుకు తీసుకున్నారు. 1990ల నడుమ పడావు పడ్డ చేలను సాగులోకి తెచ్చారు. దానికి తీసుకున్న సాయాన్ని డబ్బుగా కాక జొన్నలుగా ఏళ్ల తరబడి సంఘానికి తిరిగి కట్టారు. ఆ జొన్నలే ఊళ్లో ఆకలితో ఉన్నవాళ్లకు తక్కువ ధరకు అందాయి. అప్పు, దాన్ని తీర్చడం, తిండి, మూడూ ఒకే గింజలో జరిగిపోయాయి.

ఆ తల్లులే తమ పిల్లల చదువు గురించీ ఆలోచించారు. 1993లో మాచ్‌నూరులో 'పచ్చసాలె' మొదలైంది. కూలికి పోయిన పిల్లలు, బడి మానేసిన పిల్లలు అక్కడికి వచ్చారు. పుస్తకాలతో పాటు సేద్యం, వడ్రంగం, కుట్టుపని, కుండలు చేయడం లాంటి పనులు నేర్చుకున్నారు. చేతిపని నేర్పితే పిల్లలను మళ్లీ ఆ పనికే కట్టేసినట్టు కాదా అని అడిగేవాళ్లుంటారు. ఆ ప్రశ్న వేయాల్సిందే, ఎందుకంటే దళిత బిడ్డకు పని నేర్పడం వేరు, పనిలో తోసేయడం వేరు. తేడా ఎక్కడంటే, ఇక్కడ నేర్పాలని నిర్ణయించినవాళ్లలో ఆ పిల్లల తల్లులే ఉన్నారు. పాఠం పరాయి దొర పొలంలో కాదు, తమ సంఘం చేలో.

వాళ్ల విత్తనాల గది గురించి ఒక్క ముక్క. వెదురు బుట్ట. లోపలా బయటా మట్టీ పేడా పూత. విత్తనంతో పాటు బూడిద, వేపాకు. మూతి మట్టితో మూసేస్తారు. విత్తనం తీసుకున్నవాళ్లు పంట వచ్చాక తీసుకున్నదాని కంటే ఎక్కువే తెచ్చి పోస్తారు. ఒకే చేలో జొన్న, కంది, అనుము, నువ్వు, కొర్ర కలిసి పెరుగుతాయి, ఒకటి పోయినా ఇంకోటి నిలబడుతుందని. ఏ పంట పక్కన ఏ పంట వేయాలో ఆ అవ్వలను అడిగితే పిల్లలకు చెబుతారు, వేసి చూపిస్తారు. ఏటా సంక్రాంతి నుంచి పాత పంటల జాతర పేరుతో విత్తనాలను ఎడ్లబండ్ల మీద ఊరూరా తిప్పుతారు. 2008 అక్టోబరు 15న అదే మాచ్‌నూరు నుంచి సంఘం రేడియో మాట్లాడటం మొదలుపెట్టింది, ఆ మైకు ముందు కూర్చున్నదీ ఈ ఇళ్ల ఆడపిల్లలే. ఈ పనికి తోడు నిలిచిన పి.వి. సతీశ్ 2023 మార్చిలో కన్నుమూశారు.

ఇలాంటి ఆలోచన మనకు ఇంకా పాతది. 1930లలోనే ఆచార్య ఎన్.జి. రంగా తన స్వగ్రామం నిడుబ్రోలులో రైతాంగ విద్యాలయం నడిపారు. ఎరువుల మోతాదులు నేర్పడానికి కాదు. శిస్తు ఎలా లెక్కకడతారు, అప్పు ఎలా పెరుగుతుంది, రైతు తన మాట ఎలా వినిపించాలి అన్నవి నేర్పడానికి. మద్రాసులో అర్థశాస్త్రం చెప్పిన మనిషి పల్లెకొచ్చి రైతు బిడ్డలకు చెప్పాడు. ఆ పాఠం ఇప్పటి ఏ వ్యవసాయ సిలబస్‌లోనూ అంత సూటిగా లేదని నా అభిప్రాయం. సేద్యం తెలిసి లెక్క తెలియని కుర్రాడు మొదటి పంటకే మునుగుతాడు.

అమెరికా పల్లెల్లో ఈ పని ఇంకో తీరున జరుగుతుంది. 1928లో కాన్సస్ సిటీలో మొదలైన 'ఫ్యూచర్ ఫార్మర్స్' సంఘంలో చేరిన హైస్కూలు పిల్లలు తమ పేరున ఒక దూడనో పందిపిల్లనో పెంచుతారు, లేదా కొంత పైరు వేస్తారు. మేతకు ఎంత, మందుకు ఎంత, అంతా పుస్తకంలో రాయాలి. ఏడాదికోసారి కౌంటీ జాతరలో పిల్లలు పెంచిన పశువుల వేలం జరుగుతుంది. ఊరి బ్యాంకు, దాణా కొట్టు, ట్రాక్టర్ల షాపు వచ్చి సంత ధర కంటే ఎక్కువకు పాడతాయి. ఎక్కువిచ్చింది దూడకు కాదు, దాన్ని పెంచిన బిడ్డకు. వాళ్ల సేద్యం తీరు మనకు పనికిరాకపోవచ్చు, కమతాలే వేరు. ఆ ఎక్కువ పాట మాత్రం మన సంతల్లో ఎందుకు వినపడకూడదు?

ఊరి సొమ్ము

ఊరి దగ్గర డబ్బు లేదనేవాళ్లకు ఊరు తెలియదు. చెరువు చేపల పాట ఉంది. చింతచెట్ల పాట ఉంది. సంత ఆశీలు ఉంది. గుడి మాన్యాన్ని కౌలుకు వేలం వేస్తారు. సొసైటీ ఉంది, డ్వాక్రా సంఘాల పొదుపు ఉంది. అమెరికాలో స్థిరపడి బడికి గది కట్టించినవాళ్లు ఉన్నారు. మా ఊరి ముఖద్వారానికి ఇంటికింత అని చందా వేసుకుని ఏడాదిలో కట్టేశారు, నేనూ ఇచ్చాను. ఆ శ్రద్ధ నాకు అపురూపమే. అందులో కొంత శ్రద్ధనే నేను ఇప్పుడు అడుగుతున్నాను.

రెండెకరాలు చాలు. మాన్యంలోనో, పంచాయతీ భూమిలోనో, ఎవరిదైనా కౌలుకు తీసుకునో. పదిహేను మంది పిల్లలు, ఒక్కొక్కరికి పది సెంట్లు, మిగతాది అందరూ కలిసి ప్రయోగాలు చేయడానికి. విత్తనం, ఎరువు, నీటి ఖర్చు ఉమ్మడి నిధి నుంచి. పంట వస్తే పిల్లది. పోతే ఊరిది. ఈ ఆఖరి మాట రాతకోతల్లో ఉండాలి, పంచాయతీ తీర్మానంలో ఉండాలి. లేకపోతే పంట పోయిన రోజు ఆ పిల్ల నాలాగే ఇంకెన్నడూ మడి అడగదు. పదిహేనులో సగం ఆడపిల్లలు ఉండాలి, భూమి లేని ఇళ్ల పిల్లలు తప్పనిసరిగా ఉండాలి. భూమి ఉన్నవాళ్ల పిల్లలకే ఇస్తే అది ఊరి చదువు కాదు.

నేర్పేవాళ్లు ఊళ్లోనే ఉన్నారు. నీళ్లు పెట్టడంలో చేయి తిరిగినవారు ఒకరు, విత్తనం ఎంచడంలో ఒక ముసలామె, కూలి లెక్కలు నోటితో వేసే మేస్త్రి ఒకరు. ఊరికే చెప్పమనకూడదు. డబ్బు ఇవ్వాలి, ఎంత తక్కువైనా సరే, అది ఆ విద్యకు ఇచ్చే మర్యాద. వ్యవసాయ కళాశాల పిల్లలు చివరి ఏడాదిలో కొన్ని నెలలు పల్లెల్లో ఉండి పనిచేస్తారు. 'రావెప్ పిల్లలు' అని ఊళ్లలో అందరికీ తెలుసు. వాళ్లు సర్వే కాగితాలు నింపుకుని వెళ్లిపోకుండా ఈ రెండెకరాల్లో దిగితే, పుస్తకం చదివిన కళ్లూ పొలం చూసిన కళ్లూ ఒకే దుబ్బు మీద వాలతాయి.

రెండో ఏడూ మూడో ఏడూ సాగించడం కష్టం. మొదటేడు రిబ్బను కత్తిరించడానికి అందరూ వస్తారు. మూడో ఏడు పాట సొమ్ము సిమెంటు రోడ్డుకు పోతుంది. సర్పంచి మారతాడు. దీనికి నా దగ్గర మందు లేదు. జహీరాబాద్ అమ్మలను తలచుకుంటే మాత్రం ఒకటి తోస్తుంది. ఏళ్ల తరబడి వాళ్లు జొన్నలు కొలిచి పోసినది పక్కింటామె ముందు. పక్కింటామె చూస్తుండగా మాట తప్పడం ఎవరికైనా కష్టం.

మా మడి ఇప్పుడు కౌలుకు ఉంది. కౌలుకు చేసే ఆయన కూతురు వ్యవసాయ డిప్లొమా చదువుతోంది. పోయిన వేసవిలో ఊరెళ్లినప్పుడు గట్టు మీద కలిసింది. సుడిదోమ మాట వచ్చింది. నాట్లప్పుడే రెండు మీటర్లకోసారి ఇరవై సెంటీమీటర్ల కాలిబాట వదిలితే గాలీ వెలుతురూ మొదళ్లకు తగిలి దోమ ఉధృతి తగ్గుతుందని చెప్పింది. నాకు అది తెలుసు, నా మడి పోయిన చాన్నాళ్లకు తెలిసింది.

"మరి మీ నాన్న వదులుతున్నాడా?" అన్నాను.

"లేదు పెదనాన్నా. బాటలకు పదో వంతు మడి పోద్దంట. ఆ వంతు కౌలు ఎవరు కడతారంటాడు."

ఆయన అన్నదాంట్లో అబద్ధం లేదు. బస్తాలు కొలవాల్సింది నాకే. ఆ సాయంత్రం ఆయన్ను పిలిచి, ఈ సార్వాకు ఆ ముప్పై సెంట్ల కౌలు నాకు వద్దని చెప్పాను. ఒకటే షరతు, దుక్కి నుంచి కుప్ప దాకా అమ్మాయే చూడాలి. పంట పోతే విత్తనం, ఎరువు ఖర్చు నాది. ఆయన చాలాసేపు తల గోక్కుని, "పోతే పోనీ అంటున్నావా అన్నా?" అని రెండుసార్లు అడిగాడు. అవునన్నాను.

అక్టోబరులో ఒక ఉదయం ఫోనుకు ఫొటో వచ్చింది. మడి కాదు. రెండు చేతులు ఒక వరి దుబ్బును పక్కకు వంచి మొదలు చూపిస్తున్నాయి, గోళ్లలో మట్టి. కింద ఒక వరస రాసింది. దుబ్బుకు నాలుగు, అయిదు దోమలు ఉన్నాయట, సాలీళ్లు రెండున్నాయట, ఇంకో వారం ఆగుతుందట.